బీఎస్సీ తర్వాత పీజీ డిప్లొమానా, ఎమ్మెస్సీనా? నోటిఫికేషన్ నుంచి వెనక్కి లెక్కేయండి

బీఎస్సీ ఆఖరి సెమిస్టర్ పరీక్షలు కాకముందే ఇళ్లలో ఈ లెక్క మొదలవుతుంది. ఎమ్మెస్సీకి రెండేళ్లు, పీజీ డిప్లొమాకు ఏడాది. ఏడాది తగ్గితే ఫీజు తగ్గుతుంది, హాస్టల్ ఖర్చు తగ్గుతుంది, జీతం ఏడాది ముందొస్తుంది. కూడికలు తీసివేతలు సరిగ్గానే ఉన్నాయి, లెక్క మొదలుపెట్టిన చోటే తప్పు. రెండు కోర్సుల బ్రోచర్లు పక్కపక్కన పెట్టుకుంటే ఏదీ తేలదు. మీరు చేరాలనుకుంటున్న ఉద్యోగపు నోటిఫికేషన్ తీయండి, అందులో విద్యార్హతల పేరా చదవండి, అక్కడి నుంచి వెనక్కి రండి.

ఆ పేరా మూడు రకాలుగా ఉంటుంది. కొన్ని చోట్ల "సంబంధిత సబ్జెక్టులో మాస్టర్స్ డిగ్రీ" అని ఉంటుంది. అక్కడ మీ డిప్లొమా ఎంత పేరున్న యూనివర్సిటీదైనా దరఖాస్తులో దాన్ని నింపే గడే ఉండదు. కొన్ని చోట్ల డిప్లొమాను పేరుపెట్టి అడుగుతారు. అక్కడ ఉత్త ఎమ్మెస్సీతో వెళ్లినవాళ్లు గుమ్మం బయటే ఆగిపోతారు. మిగతావాళ్లు, ముఖ్యంగా ప్రైవేటు కంపెనీలు, "బీఎస్సీ లేదా ఎమ్మెస్సీ" అని రాసి వదిలేసి ఇంటర్వ్యూలో చేతిపని అడుగుతారు. మీరు వెళ్లాలనుకునేది ఈ మూడింట్లో ఏ గుమ్మమో తేలితే సగం నిర్ణయం అయిపోయినట్టే.

ఒకే పేరుతో మూడు సరుకులు

పీజీ డిప్లొమా అనే మాట కింద మార్కెట్లో మూడు వేర్వేరు సరుకులు తిరుగుతున్నాయి. వాటిని కలిపేసి మాట్లాడటం వల్లే సగం గందరగోళం.

మొదటిది, యూనివర్సిటీ విడిగా నడిపే ఏడాది కోర్సు. తెలంగాణలో ఉస్మానియా నిర్వహించే సీపీజీఈటీ (ఉమ్మడి పీజీ ప్రవేశ పరీక్ష) ద్వారా ఎమ్మెస్సీ సీట్లతో పాటు కొన్ని పీజీ డిప్లొమా సీట్లు కూడా భర్తీ చేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో పీజీ అడ్మిషన్లకు ఏపీ పీజీసెట్ ఉంది. దూరవిద్యలో ఇగ్నో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వంటివి సైన్స్ డిప్లొమాలు ఇస్తున్నాయి. ఇలాంటి కోర్సు ఒక పని చుట్టూ అల్లి ఉంటుంది: రసాయన విశ్లేషణ, ఆహార భద్రత, బయోఇన్ఫర్మాటిక్స్ వంటివి.

రెండోది, కొత్తగా వచ్చిన ఎగ్జిట్ డిప్లొమా. 2024లో యూజీసీ ఇచ్చిన పీజీ కరికులం చట్రం ప్రకారం, రెండేళ్ల ఎమ్మెస్సీలో చేరి మొదటి ఏడాది పూర్తిచేసి బయటికొస్తే పీజీ డిప్లొమా ఇవ్వొచ్చు. సెమిస్టర్‌కు 20 చొప్పున 40 క్రెడిట్లు. జాతీయ అర్హతల చట్రంలో మూడేళ్ల డిగ్రీది 5.5 స్థాయి, పీజీ డిప్లొమాది 6, ఎమ్మెస్సీది 6.5. కాగితం మీద బాగానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే, చాలా యూనివర్సిటీల్లో ఎమ్మెస్సీ మొదటి ఏడాది అందరికీ ఉమ్మడి పేపర్లే ఉంటాయి. ఆర్గానిక్, అనలిటికల్ లాంటి స్పెషలైజేషన్, పెద్ద పరికరాల మీద ప్రాక్టికల్స్, ప్రాజెక్టు అన్నీ రెండో ఏడాదిలో వస్తాయి. మొదటి ఏడాదితో దిగిపోయినవారి చేతిలో బీఎస్సీ కంటే కాస్త లోతైన థియరీ ఉంటుంది కానీ, ఉద్యోగానికి పనికొచ్చే నైపుణ్యం ఇంకా మొదలై ఉండదు. దీన్ని ఎవరూ ముందుగా ఎంచుకోకూడదు. ఇంట్లో ఇబ్బంది వచ్చి మానేయాల్సి వచ్చినప్పుడు చదివిన ఏడాది వృథా కాకుండా కాపాడే వల అనుకోండి. క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో (విద్యార్థి క్రెడిట్లు దాచే ఆన్‌లైన్ ఖాతాలో) గరిష్ఠంగా ఏడేళ్లు నిలవ ఉంటాయి కాబట్టి తిరిగి వెళ్లే దారి మూసుకుపోదు.

మూడోది, ఇన్‌స్టిట్యూట్లు సొంతంగా ఇచ్చేది. యూజీసీ చట్టం 1956లోని 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీ ఇచ్చే హక్కు యూనివర్సిటీలకు, చట్టం అనుమతించిన సంస్థలకే ఉంది. డిప్లొమా అనే మాటకు ఆ కాపలా లేదు. మూడు గదులు అద్దెకు తీసుకుని "పీజీ డిప్లొమా ఇన్ క్లినికల్ రిసెర్చ్" అని బోర్డు పెట్టినా ఆ సెక్షన్ అడ్డురాదు. వీటిలో పని నేర్పేవీ ఉన్నాయి, లేవని కాదు. కానీ ప్రభుత్వ నోటిఫికేషన్‌లో "గుర్తింపు పొందిన యూనివర్సిటీ నుంచి" అన్న మాట ఉంటే ఆ కాగితం చెల్లదు. సర్టిఫికెట్ నమూనా చూపించమని అడగండి. పైన ఎవరి పేరు, కింద ఎవరి సంతకం? యూనివర్సిటీ రిజిస్ట్రారో, కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్సో సంతకం చేస్తే ఒక లెక్క, "మేనేజింగ్ డైరెక్టర్" చేస్తే మరో లెక్క.

ఎమ్మెస్సీ తప్ప దారిలేని చోట్లు

ఇక్కడ ఎక్కువ చర్చ అక్కర్లేదు. జూనియర్ లెక్చరర్ (జేఎల్) కావాలంటే సంబంధిత సబ్జెక్టులో పీజీ ఉండాలి. డిగ్రీ లెక్చరర్‌కు పీజీలో 55 శాతంతో పాటు నెట్ లేదా సెట్ (లెక్చరర్ అర్హత పరీక్షలు) లేదా పీహెచ్‌డీ కావాలి. సీఎస్ఐఆర్ నెట్ రాయాలంటే ఎమ్మెస్సీలో జనరల్, ఈడబ్ల్యూఎస్ వారికి 55 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ (నాన్ క్రీమీలేయర్), దివ్యాంగులకు 50 శాతం. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం తెచ్చుకున్నవాళ్లు జేఆర్ఎఫ్‌కు (పరిశోధన ఫెలోషిప్‌కు), పీహెచ్‌డీ ప్రవేశానికి నేరుగా పోటీపడొచ్చు. మూడేళ్ల బీఎస్సీ మీద ఏడాది డిప్లొమా చేస్తే మొత్తం నాలుగేళ్లయింది కదా, అదీ ఇదీ ఒకటే కదా అని కొందరు వాదిస్తారు. కాదు. నాలుగేళ్ల డిగ్రీ అంటే ఒకే డిగ్రీ పట్టా. రెండు కాగితాలు కలిపి కుట్టినంత మాత్రాన అది అవదు.

ఆహార భద్రత వైపు వెళ్లేవారు తరచూ పొరబడేది ఫుడ్ అనలిస్ట్ దగ్గర. ఫుడ్ సేఫ్టీలో పీజీ డిప్లొమా చేస్తే ఫుడ్ అనలిస్ట్ అయిపోవచ్చని అనుకుంటారు. నిబంధనల్లో అడిగేది కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, ఫుడ్ టెక్నాలజీ వంటి వాటిలో మాస్టర్స్ లేదా నిర్దేశించిన టెక్నాలజీ డిగ్రీ, పైన మూడేళ్ల అనుభవం, ఆ తర్వాత ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) పరీక్ష. డిప్లొమా ఉపయోగపడేది ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో, ఆడిట్లకు కాగితాలు సిద్ధం చేసే పనిలో.

బడిలో సైన్స్ టీచర్ కావాలంటే ఈ రెండూ వదిలేసి బీఈడీ వైపు చూడండి. స్కూల్ అసిస్టెంట్‌కు డిగ్రీ, బీఈడీ ప్రధానం.

డిప్లొమాయే తాళంచెవి అయిన చోటు

దీనికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు: మెడికల్ ఫిజిసిస్ట్. క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్ మోతాదు లెక్కగట్టేది, రేడియేషన్ యంత్రమైన లీనియర్ యాక్సిలరేటర్ ఆ మోతాదు సరిగ్గా ఇస్తోందో లేదో కొలిచేది వీళ్లే. అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ, ఈ ఉద్యోగానికి రెండు దారులు పెట్టింది. ఒకటి, ఎమ్మెస్సీ ఫిజిక్స్, ఆపైన రేడియలాజికల్ లేదా మెడికల్ ఫిజిక్స్‌లో ఏడాది పోస్ట్ ఎమ్మెస్సీ డిప్లొమా, ఆపైన రేడియోథెరపీ విభాగంలో కనీసం 12 నెలల ఇంటర్న్‌షిప్. రెండోది, ఫిజిక్స్‌తో బీఎస్సీ, తర్వాత రెండేళ్ల మెడికల్ ఫిజిక్స్ ఎమ్మెస్సీ, తర్వాత అదే ఇంటర్న్‌షిప్. ముంబయిలో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) నడిపే డిప్.ఆర్.పి., అంటే రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా, మొదటి దారిలోది. దానికి ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో 60 శాతం, పైన ప్రవేశ పరీక్ష.

రెండు దారులనూ సంవత్సరాల్లో లెక్కిస్తే బీఎస్సీ తర్వాత ఒకటి నాలుగేళ్లు, మరొకటి మూడేళ్లు. ఏడాది ఆదా కాబట్టి రెండో దారే మేలనిపిస్తుంది. అయినా తెలుగు రాష్ట్రాల విద్యార్థికి మొదటి దారి గురించి ఒకసారి ఆగి ఆలోచించమంటాం. డిప్లొమా సీట్లు దేశం మొత్తంమీద కొద్దే. సీటు రాకపోతే మామూలు ఎమ్మెస్సీ ఫిజిక్స్ పట్టా మీ చేతిలో ఉంటుంది, దాంతో జేఎల్ రాయొచ్చు, నెట్ రాయొచ్చు. మెడికల్ ఫిజిక్స్ అని పట్టా ఉన్నవారు జేఎల్ ఫిజిక్స్‌కు దరఖాస్తు చేస్తే సబ్జెక్టు పేరు కలవలేదని ఈక్వివలెన్స్ (రెండు పట్టాలూ సమానమా అనే) తగువు రావచ్చు. క్యాన్సర్ ఆసుపత్రే గమ్యమని గట్టిగా నిశ్చయించుకున్నవారికి మాత్రం రెండో దారి దగ్గర.

ఆసుపత్రి ల్యాబుల్లోనూ డిప్లొమాకు చోటుంది. తెలంగాణలో 2024లో వచ్చిన ల్యాబ్ టెక్నీషియన్ గ్రేడ్-2 నోటిఫికేషన్ అర్హతల జాబితాలో డీఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా), బీఎస్సీ ఎంఎల్‌టీలతో పాటు మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ పీజీ డిప్లొమా, క్లినికల్ బయోకెమిస్ట్రీ పీజీ డిప్లొమా కూడా ఉన్నాయి. దానితో పాటు పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ కూడా అడిగారు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. కోర్సు పేరు జాబితాలో ఉంది కదా అని చేరిపోతారు. తీరా చూస్తే ఆ కళాశాల కోర్సును బోర్డు రిజిస్టర్ చేయదు. చేరేముందు బోర్డుకు వెళ్లి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "ఈ కాలేజీలో ఈ కోర్సు చదివినవాళ్లకు మీరు రిజిస్ట్రేషన్ ఇస్తున్నారా?"

ఫార్మా క్యూసీ: అసలు తూకం ఇక్కడే

మన కెమిస్ట్రీ బీఎస్సీ వాళ్లలో చాలామంది చివరికి చేరేది జీడిమెట్ల, పాశమైలారం, జీనోమ్ వ్యాలీ, పరవాడ, అచ్యుతాపురం వైపే. క్వాలిటీ కంట్రోల్ (క్యూసీ) ల్యాబులు బీఎస్సీ ఫ్రెషర్లనూ తీసుకుంటాయి, ఎమ్మెస్సీ ఫ్రెషర్లనూ తీసుకుంటాయి. ఆర్ అండ్ డీకి, ప్రాసెస్ డెవలప్‌మెంట్‌కు మాత్రం ఎమ్మెస్సీ ఆర్గానిక్ అడుగుతారు. మీకు సింథసిస్ ఇష్టమైతే ఇక్కడితో ఆగి ఎమ్మెస్సీలో చేరండి. అనలిటికల్ డిప్లొమా మీకోసం కాదు.

క్యూసీయే కావాలనుకునేవారికి మూడు దారులు: నేరుగా బీఎస్సీతో ఉద్యోగం, ఏడాది అనలిటికల్ డిప్లొమా చేసి ఉద్యోగం, రెండేళ్ల ఎమ్మెస్సీ అనలిటికల్. డిప్లొమా విలువ ఇక్కడ పూర్తిగా ల్యాబు మీద ఆధారపడుతుంది. థియరీ మాత్రమే చెప్పి, పరికరాన్ని అద్దం వెనక నుంచి చూపించే డిప్లొమా కంటే ఆ ఏడాది ఫ్యాక్టరీలో ట్రైనీగా గడపడమే లాభం. జీతం వస్తుంది, అనుభవ పత్రం వస్తుంది, పైగా పరికరం మీద మీ చెయ్యి పడుతుంది.

ల్యాబు మంచిదో కాదో ఎలా తెలుస్తుంది? బ్రోచర్‌లోని ఫొటోలను నమ్మకండి. ఇప్పుడు చదువుతున్నవాళ్లను క్యాంటీన్ దగ్గర పట్టుకుని హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలను విడదీసి కొలిచే పరికరం) గురించి నాలుగు ప్రశ్నలు వేయండి. ఎన్ని మెషీన్లు పనిచేస్తున్నాయి? ఒక్కొక్కరు సొంతంగా ఎన్ని ఇంజెక్షన్లు చేశారు? మొబైల్ ఫేజ్ (పరికరంలో ప్రవహించే ద్రావణం) ఎవరు తయారుచేస్తారు, మీరా, ల్యాబ్ అసిస్టెంటా? సిస్టమ్ సూటబిలిటీ (పరీక్షకు ముందు పరికరం సరిగ్గా ఉందో చూసే తనిఖీ) ఎప్పుడైనా ఫెయిలైందా, అయితే ఏం చేశారు? చివరి ప్రశ్నకు "ఎప్పుడూ ఫెయిల్ కాలేదు" అని జవాబొస్తే ఆ మెషీన్‌ను ఎవరూ వాడట్లేదని అర్థం.

నిజంగా నేర్చుకున్నవారు ఇలా చెప్పగలగాలి. మొబైల్ ఫేజ్‌ను 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో వడగట్టి గ్యాస్ తీసేస్తాం. మామూలుగా సీ18 కాలమ్, 250 మిల్లీమీటర్ల పొడవు, 4.6 మిల్లీమీటర్ల వ్యాసం, 5 మైక్రాన్ల రేణువులు. ఫ్లో నిమిషానికి 1 మిల్లీలీటరు. స్టాండర్డ్‌ను (గాఢత తెలిసిన ద్రావణాన్ని) ఆరుసార్లు ఇంజెక్ట్ చేస్తాం. పీక్ ఏరియాల ఆర్‌ఎస్‌డీ (ఒకదానికొకటి ఉండే తేడా) 2 శాతం దాటకూడదు, టెయిలింగ్ (పీక్ తోక సాగడం) 2 దాటకూడదు. ప్లేట్లు (కాలమ్ విడదీసే సామర్థ్యానికి కొలత) సాధారణంగా 2000కు తగ్గకుండా చూస్తాం. మెథడ్‌లో వేరే హద్దు రాసి ఉంటే అదే చెల్లుతుంది. ప్రెషర్ పైకీ కిందికీ ఊగుతుంటే పంపులో గాలిబుడగ చేరిందేమోనని పర్జ్ చేస్తాం. రిటెన్షన్ టైమ్ (పీక్ వచ్చే సమయం) జరుగుతుంటే కాలమ్ ఇంకా ఈక్విలిబ్రేట్ కాలేదా, ఉష్ణోగ్రత మారిందా, మొబైల్ ఫేజ్ పాళ్లు తప్పాయా అని వరుసగా చూస్తాం.

కొత్తవాళ్లు కాలమ్‌ను చంపేసే పద్ధతి ఒకటుంది. ఫాస్ఫేట్ బఫర్‌తో పని ముగించి, కాలమ్ కడగాలని నేరుగా శుద్ధ అసిటోనైట్రైల్ పంపుతారు. అసిటోనైట్రైల్‌లో ఫాస్ఫేట్ ఉప్పు కరగదు. లైన్లలో, కాలమ్ ముఖం దగ్గర తెల్లగా పేరుకుంటుంది, ప్రెషర్ ఒక్కసారి ఎగబాకి పంపు ఆగిపోతుంది. ముందు 90 పాళ్ల నీరు, 10 పాళ్ల ఆర్గానిక్ మిశ్రమంతో అరగంట కడిగి ఉప్పును బయటికి పంపాలి, ఆ తర్వాతే ఆర్గానిక్ పాళ్లు పెంచాలి. కోర్సులో ఈ తప్పు ఒకసారి చేసి తిట్లు తిన్న విద్యార్థి ఫ్యాక్టరీలో చేయడు. డిప్లొమాకు కట్టే డబ్బు అచ్చంగా దీనికే.

పరికరాలొక్కటే చూడకండి. ఇంటర్వ్యూల్లో ఎక్కువమంది తడబడేది బ్యూరెట్ దగ్గర. 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ ఎలా చేస్తారు అంటే "4 గ్రాములు లీటరుకు" అని అందరూ చెబుతారు. సరే, అది కచ్చితంగా 0.1 అని ఎలా తెలుసు? ఇక్కడ మౌనం. సోడియం హైడ్రాక్సైడ్ తూస్తుండగానే గాలిలో తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. కాబట్టి దాన్ని ప్రైమరీ స్టాండర్డ్‌గా (తూచిన బరువుతోనే గాఢత కచ్చితంగా తెలిసే పదార్థంగా) వాడరు. ఎండబెట్టిన పొటాషియం హైడ్రోజన్ థాలేట్, అణుభారం 204.22, దాదాపు 0.4 గ్రాములు తూచి, నీటిలో కరిగించి, ఫినాల్ఫ్తలీన్ వేసి టైట్రేట్ చేస్తే 19.6 మిల్లీలీటర్ల దగ్గర లేత గులాబీ రంగు రావాలి. వచ్చిన రీడింగ్‌తో అసలు నార్మాలిటీ లెక్కగట్టి సీసా మీద తేదీతో రాయాలి. ఈ రెండు నిమిషాల జవాబు చెప్పగల డిప్లొమా విద్యార్థి, చెప్పలేని ఎమ్మెస్సీ విద్యార్థి కంటే ముందే ఆఫర్ లెటర్ పట్టుకుంటాడు.

ఇంకొకటి, రికార్డు రాసే అలవాటు. తప్పు పడితే వైట్‌నర్ పూయకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె, కారణం, సంతకం, తేదీ వేయాలి. కాలేజీ రికార్డు పుస్తకాన్ని అందంగా కాపీ చేయించే చోట ఈ అలవాటు రాదు. డిప్లొమా వాళ్ల రికార్డులు చూపించమని అడగండి. కొట్టివేతలు ఒక్కటీ లేకుండా ముత్యాల్లా ఉంటే అనుమానించండి.

అయితే పైకి ఎదిగేటప్పుడు ఎమ్మెస్సీ బరువు తెలుస్తుంది. అయిదారేళ్ల తర్వాత మెథడ్ డెవలప్‌మెంట్‌కో, గ్రూప్ లీడర్ స్థానానికో కంపెనీ మారాలనుకుంటే చాలా ప్రకటనల్లో ఎమ్మెస్సీ అని ఉంటుంది. అప్పుడు దూరవిద్యలో ఎమ్మెస్సీ చేయొచ్చులే అనుకునేవారు, షిఫ్టు డ్యూటీలతో అది ఎంత కష్టమో పక్కవారిని అడిగి తెలుసుకోవాలి.

రెండూ కలిపి చేయొచ్చు, కొన్ని షరతులతో

2022 నుంచి యూజీసీ ఒకేసారి రెండు కోర్సులు చదవనిస్తోంది. ఒకటి రెగ్యులర్, ఇంకొకటి దూరవిద్య లేదా ఆన్‌లైన్ అయినా ఫర్వాలేదు. రెండూ రెగ్యులర్ అయితే క్లాసుల వేళలు ఢీకొనకూడదు. ఎమ్మెస్సీ చదువుతూ దూరవిద్యలో అనలిటికల్ లేదా క్వాలిటీ డిప్లొమా చేయడమే చాలామందికి సరిపడే మధ్యేమార్గం అని మా అభిప్రాయం. బీఎస్సీతో ఉద్యోగంలో చేరి దూరవిద్య డిప్లొమా చేసేది రెండో ఉత్తమం.

కానీ గంటలు లెక్కేసుకోండి. ఇగ్నోలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. అనలిటికల్ కెమిస్ట్రీ డిప్లొమా 32 క్రెడిట్లు, అంటే 960 గంటలు. ఏడాదిలో ముగించాలంటే వారానికి పద్దెనిమిది గంటలకు పైనే. వారానికి ఆరు రోజులు, మూడు షిఫ్టులు తిరిగేవారికి అది సాగదు. రెండేళ్లకు పరచుకుంటే వారానికి తొమ్మిది గంటలు, అప్పుడు కుదురుతుంది. ల్యాబు కోర్సులకు స్టడీ సెంటర్‌లో వరుసగా కొన్ని రోజులు హాజరు కావాలి. ఆ తేదీలు ముందే తెలుసుకుని సెలవు అడిగిపెట్టుకోండి. అసైన్‌మెంట్లు పంపకుండా పరీక్ష రాసి ఫలితం నిలిచిపోయినవారు ప్రతి సెంటర్లోనూ కనిపిస్తారు.

దూరవిద్యలో చేరేముందు యూజీసీ దూరవిద్య బ్యూరో సైట్లో యూనివర్సిటీ పేరుతో సరిపెట్టుకోకుండా మీ కోర్సు పేరు, మీ అడ్మిషన్ సంవత్సరం కూడా ఉన్నాయో చూడండి. అనుమతి కోర్సు వారీగా, సంవత్సరం వారీగా ఇస్తారు. 2024 నుంచి ఈ అడ్మిషన్లకు ఆ బ్యూరో (డీఈబీ) సైట్లో విద్యార్థి తీసుకునే డీఈబీ ఐడీ తప్పనిసరి. అది లేకుండా "మేం చూసుకుంటాం" అనే ఏజెంటు దగ్గర డబ్బు కట్టకండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ దూరవిద్యకు రాదు. రెగ్యులర్ డిప్లొమాల్లోనూ సెల్ఫ్ ఫైనాన్స్‌వి చాలా ఉంటాయి కనుక స్కాలర్‌షిప్ సెక్షన్‌లో ముందే అడగండి. ఎమ్మెస్సీ కన్వీనర్ కోటా సీటుకు రీయింబర్స్‌మెంట్ వర్తించి, ఏడాది డిప్లొమాకు వర్తించకపోతే, రెండేళ్ల చదువే చవగ్గా తేలుతుంది.

ఉద్యోగం చేస్తూ రెగ్యులర్ డిప్లొమాలో పేరు రాయించుకుని హాజరు "సర్దుకునే" పద్ధతి ఒకటి నడుస్తోంది. తర్వాత పెద్ద కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఒకే కాలానికి పూర్తిస్థాయి చదువు, పూర్తిస్థాయి ఉద్యోగం కనిపిస్తే రెండింట్లో ఏది అబద్ధమని అడుగుతారు. జవాబు ఏదైనా ఒక కాగితం పోతుంది.

విదేశాల్లో అదే పేరు, వేరే లెక్క

న్యూజిలాండ్‌లో పీజీ డిప్లొమా ఇన్ సైన్స్ గౌరవమైన చదువే. ఆక్లండ్, ఒటాగో యూనివర్సిటీలు ఇస్తాయి. 120 పాయింట్లు, పాయింటుకు 10 గంటల చదువు, అంటే పూర్తికాలం ఒక ఏడాది. అక్కడి అర్హతల చట్రంలో ఎనిమిదో స్థాయి. బీఎస్సీ ఆనర్స్ కూడా అదే స్థాయి, అవే 120 పాయింట్లు, కాకపోతే అందులో రిసెర్చ్ ప్రాజెక్టు తప్పనిసరి. పరిశోధన వైపు వెళ్లేవారికి ఆనర్స్ మేలు. సబ్జెక్టు లోతు పెంచుకుని రెండో ఏడాది థీసిస్‌తో ఎమ్మెస్సీకి మారాలనుకునేవారికి డిప్లొమా మెట్టులా పనికొస్తుంది. మన పాత పద్ధతి మూడు సబ్జెక్టుల బీఎస్సీ చదివినవారికి ఒక్కో సబ్జెక్టులో లోతు చాలదని అక్కడి విభాగం అభ్యంతరం చెప్పవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి వచ్చిన సింగిల్ మేజర్ వాళ్లకు ఆ ఇబ్బంది తక్కువ. దరఖాస్తుతో పాటు ప్రతి పేపరు సిలబస్ పీడీఎఫ్ జతచేస్తే వాదన తేలికవుతుంది.

యూకేలో జాగ్రత్త ఎక్కువ కావాలి. అక్కడ ఎమ్మెస్సీ 180 క్రెడిట్లు, పీజీ డిప్లొమా 120. ఆ తేడా 60 క్రెడిట్లు డిసర్టేషన్‌వే. ఎమ్మెస్సీలో చేరి, పార్ట్‌టైమ్ పనుల్లో పడి, డిసర్టేషన్ ఫెయిలైతే యూనివర్సిటీ పీజీ డిప్లొమా చేతిలో పెట్టి పంపిస్తుంది. సైన్స్ పీజీ డిప్లొమాకు గ్రాడ్యుయేట్ రూట్ వీసా రాదు. బ్యాంకు లోను అలాగే ఉంటుంది, ఉద్యోగం వెతుక్కునే గడువు మాత్రం ఉండదు. ఆస్ట్రేలియాలో దీనికి సమానమైనదాన్ని గ్రాడ్యుయేట్ డిప్లొమా అంటారు. చదువు తర్వాతి 485 వీసాకు కనీసం 92 వారాల కోర్సు అడుగుతారు కాబట్టి ఏడాది డిప్లొమా ఒక్కటీ చాలదు. వీసా నిబంధనలు తరచూ మారతాయి. ఫీజు కట్టే వారంలో ఆ దేశపు ప్రభుత్వ సైట్లో మరోసారి చదవండి, కన్సల్టెన్సీ వాళ్ల వాట్సాప్ మెసేజీ మీద ఆధారపడకండి. విదేశీ పీజీ డిప్లొమాతో తిరిగొస్తే ఇక్కడ దాన్ని ఎమ్మెస్సీకి సమానంగా లెక్కించరన్నదీ ముందే తెలిసి ఉండాలి.

చేరేముందు, వచ్చేముందు

సీపీజీఈటీ కౌన్సెలింగ్ విడతలుగా జరుగుతుంది. మొదటి విడతలో ఎమ్మెస్సీ రాలేదని తొందరపడి ప్రైవేటు డిప్లొమాలో చేరి ఒరిజినల్ టీసీ ఇచ్చేస్తే, తర్వాతి విడతలో సీటొచ్చినప్పుడు ఆ టీసీ కోసం తిరగాల్సి వస్తుంది, కట్టిన ఫీజు వెనక్కి రావడమూ గగనమే. చివరి విడత అయ్యేవరకు ఆగండి. ఆగలేకపోతే, ఒరిజినల్స్ ఎన్నాళ్లకు తిరిగిస్తారో ముందే కాగితం మీద రాయించుకోండి.

డిప్లొమా పూర్తయ్యాక ఎమ్మెస్సీలో చేరే ఆలోచన ఉంటే ఫలితాలు ఏ నెలలో వస్తాయో గత రెండు బ్యాచ్‌ల మెమోల మీది తేదీలు చూసి తెలుసుకోండి. ఎమ్మెస్సీకి అర్హత బీఎస్సీయే కాబట్టి డిప్లొమా ఫలితం ఆగినా దరఖాస్తు చేయొచ్చు. కానీ టీసీ, మైగ్రేషన్ అక్కడే చిక్కుకుంటే సీటు నిలవదు. బయటికొచ్చేటప్పుడు మార్కుల మెమో, ప్రొవిజనల్‌తో పాటు విభాగాధిపతి సంతకంతో సిలబస్ కాపీ ఒకటి తీసుకోండి. నాలుగేళ్ల తర్వాత ఎవరైనా ఈక్వివలెన్స్ అడిగితే, సిలబస్ అప్పటికి మారిపోయి ఉంటుంది, మీరు చదివినది ఏమిటో ఆ కాపీ ఒక్కటే చెబుతుంది.